మ్యూట్‌లో పెట్టిన బాబాయికి న్యాయం చేయండి

ప్రతి ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక బాబాయి ఉంటాడు. పొద్దున్నే ఒక సూక్తి, వెంటనే పంటి నొప్పికి లవంగం చిట్కా, మధ్యాహ్నం ఒక ముతక జోకు, రాత్రికి ఏ మంత్రినో తిట్టే పద్యం పంపుతాడు. ఎవరు రాశారో చెప్పడు, చెప్పినా తప్పే చెబుతాడు. అలాంటి మనిషిని మనం మ్యూట్‌లో పెట్టాం. ఇది సాహిత్య చరిత్రకు జరుగుతున్న ఘోర అపచారమని సవినయంగా మనవి చేస్తున్నాను.

సాక్ష్యం కావాలంటే 16, 17 శతాబ్దాల ఇంగ్లండ్‌కి పోవాలి. అచ్చు యంత్రం వచ్చి ఎన్నో ఏళ్లయినా అక్కడి పెద్దమనుషులకు కవిత్వం అచ్చేయించుకోవడం నామోషీ. కాగితం మీద రాసి స్నేహితుడి చేతిలో పెట్టేవారు. అతను తన పుస్తకంలోకి ఎక్కించుకుని ఇంకొకడికి అందించేవాడు. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, లండన్‌లో లా చదివే కుర్రాళ్లు ఇందులో ఆరితేరిపోయారు. ఒకే పుస్తకంలో ప్రేమ కవిత, సమాధి పద్యం, ఎవరిదో ఉత్తరం, మందు చిట్కా, ఇంటి ఖర్చుల లెక్క ఉండేవి. చోటు చాలకపోతే పుస్తకం తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టేవారు.

ఆ కాలపు పేరున్న కవి జాన్ డన్ బతికుండగా అచ్చయిన పద్యాలు బహు కొద్ది. ఆయన 1631లో పోతే, పద్యాల పుస్తకం వచ్చింది 1633లో. కానీ ఆయన పద్యాలకు చేతిరాత నకళ్లు నాలుగు వేలకు పైగా ఉన్నాయి. స్వహస్తంతో రాసుకున్న ఇంగ్లిష్ పద్యం మాత్రం ఒక్కటే దొరికింది, అదీ 1970లో. మిగతాదంతా ఫార్వర్డే!

రాణి కొలువులో వెలిగిన నావికుడు, కవి సర్ వాల్టర్ రాలీ సంగతి ఇంకా బాగుంటుంది. 1618లో తల నరికించుకోబోయే ముందు రాత్రి రాసినట్టు చెప్పే పద్యం ఒకటి ఊరూరా తిరిగింది. తీరా చూస్తే అది ఆయన పాత ప్రేమ కవితలోని చివరి చరణమే. మొదట్లో రెండు మాటలు మార్చి, కింద రెండు పాదాలు తగిలించాడు. తెల్లారితే తల పోతుందని తెలిసీ పాత పోస్టు ఎడిట్ చేసుకున్నాడన్నమాట. దిక్కూమొక్కూ లేని పద్యాలు చాలా ఆయన పేరు మీదే చెల్లిపోయాయి. మనకిది కొత్తేం కాదు. ఊరూపేరూ లేని చాటువు దొరికిందా, శృంగారం ఉంటే శ్రీనాథుడిది, వెటకారం ఉంటే తెనాలి రామకృష్ణుడిది.

ఇక ముతక జోకులు. 1607లో పార్లమెంటులో గంభీరమైన చర్చ నడుస్తుండగా హెన్రీ లడ్లో అనే సభ్యుడు సభ మొత్తానికి వినపడేలా అపానవాయువు వదిలాడు. దాని మీద పద్యం పుట్టింది. నకలు రాసుకున్న వాళ్లు తలా రెండు పాదాలు కలుపుతూ పోయారు. ఇవాళ ఆ నకళ్లన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఏ పాదం ముందు పుట్టిందో తేల్చే పండితులున్నారు. పెన్ను లోపలికి రానివ్వని గదుల్లో, పెన్సిల్ పట్టుకుని, నిశ్శబ్దంగా. బాబాయి అదే స్థాయి జోకు పంపితే కోడలు గ్రూప్ వదిలి వెళ్లిపోతుంది.

ఎనిమిదో హెన్రీ రాజు రెండో భార్య ఆన్ బొలీన్ చుట్టూ ఉన్న ఆడవాళ్ల చేతుల్లో తిరిగిన పుస్తకం ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఒక పద్యం పక్కన వాళ్లలో ఒకరైన మార్గరెట్ డగ్లస్ ‘ఇది మర్చిపో’ అని రాస్తే, ఇంకొకరైన మేరీ షెల్టన్ దాని కిందే ‘బాగానే ఉంది’ అని రాసింది. ఆ రెండు ముక్కల మీద పేజీల కొద్దీ పరిశోధన జరిగింది. మన గ్రూపుల్లో రోజూ పడే బొటనవేళ్ల మీద ఒక్క పీహెచ్‌డీ అయినా మంజూరు చేయాలి కదా! డిలీట్ ఫర్ ఎవ్రీవన్ అనే ఆప్షన్‌ను పురావస్తు ధ్వంసం కింద జమకట్టి నిషేధించాలి కూడా.

బాబాయి బాధ్యత లేనివాడని ఒక అభియోగం ఉంది. దానికీ పూర్వాచారం చూపిస్తాను. 1628లో రాజుగారికి అత్యంత ఆప్తుడైన బకింగ్‌హామ్ డ్యూక్‌ను జాన్ ఫెల్టన్ అనే సైనికుడు పొడిచి చంపాడు. హంతకుణ్ణి పొగుడుతూ పద్యాలు చేతులు మారాయి. అధికారులు ఏకంగా బెన్ జాన్సన్‌నే పిలిచి విచారించారు. పాత పుస్తకాలు సేకరించే సర్ రాబర్ట్ కాటన్ గారింట్లో అలాంటి పద్యాలు చూశానని, రాసింది తాను కాదని, జౌచ్ టౌన్లీ రాశాడని జనం అనుకుంటున్నారని ఆ మహాకవి జవాబిచ్చాడు. టౌన్లీ మాత్రం తప్పించుకుని హాలండ్ చేరుకున్నాడు.