కంజెషన్ బాబుగారికి, కాశీబుగ్గ నుంచి బిల్లు కట్టినవాడు రాయునది

కంజెషన్ బాబుగారికి నమస్కారాలు.

మీకు నేనెవరో తెలీదు. నాకూ మీరు మొన్నమొన్నటిదాకా తెలీదు, కంజెషన్ అంటే చలికాలంలో మా అమ్మకి ఛాతీలో పట్టే కఫం అనే అనుకునేవాణ్ణి. కాశీబుగ్గలో నాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. బాయిలరు, డ్రయ్యరు, రెండు మెషిన్లు, పప్పు ఏరే ఆడవాళ్లు ఓ పాతికమంది. పిక్కల ధర మీద నాకు అదుపు లేదు, పప్పు ధర మీద అసలు లేదు, కనీసం కరెంటు బిల్లన్నా అర్థం చేసుకుందామని ఒక ఆదివారం కూర్చున్నాను. అక్కడ దొరికింది మీ జాడ. కరెంటు మోసే పెద్ద లైన్లలో పట్టే రద్దీ మీరేనట.

బిల్లులో సర్దుబాటు అని ఒక గీత ఉంటుంది చూడండి. 2022-23లో వాడేసిన కరెంటుకి సర్దుబాటు, 2024 డిసెంబరు నుంచి నెలనెలా వాయిదాల్లో కలిపారు. ఆ ఏడాది నేను వేయించిన పప్పు తిన్నవాళ్లకి అరిగిపోయి ఎన్నాళ్లయిందో. ఇప్పుడు నేను వాళ్ల తలుపు తట్టి, అమ్మా, మీరు రెండేళ్ల కిందట తిన్న పావుకిలోకి ఇంకో ఎనిమిది రూపాయలు బాకీ, అప్పట్లో లెక్క తేలలేదు అంటే చీపురు తిరగేస్తారా లేదా? మీ విషయంలో మాత్రం అందరం నోరు మూసుకుని కట్టేశాం.

హైదరాబాదులో నా బావమరిది ఉన్నాడు, కరెంటు కొని అమ్మే కంపెనీలో ఉద్యోగం. రేపటి రోజుని 96 ముక్కలు కోసి ఒక్కో పావుగంట ముక్కకీ ఎంతిస్తావో చెప్పడం వాడి పని. ఫోన్ చేసి అడిగాను, ఈ సర్దుబాటులో ఏముందిరా అని.

"బొగ్గు ఉంటుంది బావా, కొరత రోజుల్లో బయట కొన్న కరెంటు ఉంటుంది, లైన్ కంజెషన్ కూడా కొంత ఉంటుంది."

"కొంతంటే ఎంత?"

"అది విడిగా రాయరు బావా."

చూశారా, అక్కడే నాకు మీ మీద గౌరవం పుట్టింది. మా ఊళ్లో ఎంత పెద్ద దళారీ అయినా తన కమీషన్ చీటీ మీద రాస్తాడు. మీరు పేరు కూడా రాయించుకోకుండా తినేస్తున్నారు.

మీరు చేసే పని మా వ్యాపారంలోకి దించితే ఇలా ఉంటుంది. రైతంటే కరెంటు ప్లాంటు, రైల్వే గేటంటే నిండిపోయే లైను అనుకోండి. ఉద్దానంలో ఒక రైతు బస్తా పిక్కలు పన్నెండు వేలకి ఇస్తానన్నాడనుకోండి, 80 కిలోల బస్తా. గేటుకి ఇవతల ఇంకో ఆయన పద్నాలుగు వేలంటున్నాడు. ఏ బుద్ధున్నవాడైనా ఉద్దానం సరుకే ఖాయం చేస్తాడు. మన బేరం పుస్తకంలో మాత్రం రోడ్డు, రైల్వే గేటు అనేవి లేనే లేవు, బస్తాలన్నీ గాల్లో ఎగిరొస్తాయన్నట్టు ఊరంతటికీ ఒకే ధర రాసేస్తాం. తీరా బండి వచ్చేసరికి గేటు పడింది, సగం బస్తాలే దాటాయి. బాయిలరు ఆగదు కాబట్టి ఇవతలాయన దగ్గర పద్నాలుగు వేలకి కొన్నాం. అవతల ఆగిపోయిన రైతుని వట్టిచేతులతో పంపడం బాగోదని, నీ తప్పేముంది నాయనా, గేటు తప్పు అని అతనికి రావాల్సిన లాభం చేతిలో పెట్టాం. రాని బస్తాకి ఒక ఖర్చు, వచ్చిన బస్తాకి అదనపు ఖర్చు. ఈ రెండూ కలిపి ఊళ్లో ఫ్యాక్టరీలన్నిటికీ సమానంగా పంచాం, గేటుతో సంబంధం లేకుండా మందసలో పిక్కలు కొనుక్కుంటున్నవాడితో సహా.

ఇక మర్నాటి నుంచి ఆ రైతు ఏం చేస్తాడు? గేటు ఎప్పుడు పడుతుందో స్టేషన్లో కనుక్కుని, సరిగ్గా ఆ రోజే రెండింతల బస్తాలు తెస్తానని రాయిస్తాడు. తేకపోతేనే లాభం కదా. వచ్చే ఏడు జీడితోట కూడా గేటు అవతలే వేస్తాడు. తప్పు అతనిది కాదు, అలా చెయ్యమని మన పుస్తకమే పిలిచి చెప్పింది.

ఇది కట్టుకథ అనకండి, టెక్సస్‌లో మీరు చేసొచ్చిందే. 2001లో అక్కడ పోటీ మార్కెట్ తెరిచారు, అంత పెద్ద రాష్ట్రాన్ని వేళ్ల మీద లెక్కపెట్టేన్ని జోన్లు చేశారు, జోను లోపల వైర్లన్నీ ఖాళీగా ఉంటాయని అనేసుకున్నారు. జోను లోపల మీరు కూర్చున్న చోటల్లా ఒకడికి ఆపమని డబ్బు, ఇంకొకడికి నడపమని డబ్బు, ఖర్చు అందరి నెత్తినా. చివరికి విసుగెత్తి, 2010 డిసెంబరు 1 నుంచి కరెంటు గ్రిడ్‌లోకి ఎక్కే ప్రతి చోటుకీ వేరే ధర పెట్టారు. నోడల్ అంటారట. ఆ కంప్యూటర్లూ అవీ మార్చడానికే 50 కోట్ల డాలర్లు దాటిందంటే, మిమ్మల్ని కుర్చీలోంచి లేపడం ఎంత ఖరీదైన పనో అర్థమవుతోంది. అదీ ఏళ్ల తరబడి ఆలస్యంగా.

మీకు అక్కడ నచ్చని విషయం ఒకటి జరిగింది. పశ్చిమ టెక్సస్‌లో గాలి ఎక్కువ వీచి, లైను చాలని రాత్రుల్లో ఆ మూల ధర సున్నా కిందికి పడిపోయేది, అంటే కరెంటు ఇచ్చేవాడే ఎదురు డబ్బివ్వాలి. అదే గంటలో లైనుకి ఇవతల పట్నాల వైపు ధర పైన ఉండేది. ఆ రెండింటి మధ్య తేడాయే మీ అసలు పేరు, మీ అసలు చిరునామా, పావుగంట పావుగంటకీ అచ్చయి అందరికీ కనిపించేది. అందరికీ కనిపించాక దాన్ని ఎవరో ఒకరు పట్టించుకోక తప్పదు. అలాగని ధర ఒక్కటే లైను వేసేయలేదు, అది కూడా చెప్పాలి. ప్రభుత్వమే చట్టం చేసి, గాలి ఉన్న చోట నుంచి పట్నాలకి సుమారు 3,600 మైళ్ల లైన్లు 2014 నాటికి వేయించింది. మార్కెట్టే అన్నీ చూసుకుంటుందని మా బావమరిది లాంటివాళ్లు ఫోన్లో అంటూ ఉంటారు, వాళ్లని ఒకసారి టవర్ కాలు పడే చేను రైతు దగ్గరికి పంపాలి.

బ్రిటన్‌లో మీకు ఇంకా మర్యాదగా జరుగుతోందని విన్నాను. స్కాట్లాండ్‌లో గాలిమరలని ఆపమని డబ్బు, దక్షిణాన గ్యాసు ప్లాంటుని నడపమని డబ్బు. జోన్ల వారీ ధరలు పెడదామా అని మూడేళ్లు తర్జనభర్జన పడి, 2025 జులైలో వద్దులే, దేశానికంతా ఒకే ధర ఉండనీ అన్నారు. అభినందనలు.

మన దగ్గరికి వద్దాం. మన వాళ్లు మరీ అమాయకులు కారు. 2008లో ఎక్స్ఛేంజీలు, అంటే కరెంటు కొని అమ్మే సంతలు, మొదలైనప్పటి నుంచీ దేశాన్ని ముక్కలుగానే చూస్తున్నారు, ఇప్పుడు 13 ముక్కలు. మనం, తెలంగాణ, కర్ణాటక కలిసి ఎస్1 అనే ముక్క. లైను ఖాళీ ఉంటే 13 ముక్కలకీ ఒకే ధర, లైను నిండితే మార్కెట్ విడిపోయి ఎవరి ధర వారిది. ఈ తేడా డబ్బు ఒక నిధికి వెళ్తుంది, గ్రిడ్ బాగుచేయడానికి. వినడానికి ఎంత బాగుందో. కానీ బావమరిది చెప్పిందేంటంటే, దేశంలో కరెంటు చాలావరకు పాతికేళ్ల ఒప్పందాల మీదే నడుస్తుందట, ఎక్స్ఛేంజీకి వచ్చేది చిన్న వాటా. అంటే మీరు ఎక్స్ఛేంజీ అనే ముందు గదిలో టికెట్ కొని కూర్చుంటారు, ఒప్పందాల పెద్ద గదిలో ఉచితంగా పడుకుంటారు.

2013 దాకా దక్షిణాదిలో మీ వైభవం నాకు గుర్తుంది, అప్పుడు మీ పేరు తెలీకపోయినా. మిగతా దేశంతో మనల్ని కలిపేవి గాజువాక, తాల్చేరు-కోలారు లాంటి డీసీ లింకులే, అంటే రెండు గ్రిడ్లనీ ఒకటి కానివ్వకుండా లెక్క ప్రకారం కరెంటు దాటించేవి. ఉత్తరాన కరెంటు చవక, ఇక్కడ పవర్ హాలిడే, మా ఫ్యాక్టరీలో జనరేటరుకి డీజిలు పోసిన చేతికి ఇంకా వాసన పోలేదు. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి, 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదీ తూర్పూ గ్రిడ్లు కుప్పకూలినప్పుడు మనం విడిగా ఉండబట్టే బతికాం. తర్వాత 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో అందరం ఒకే గ్రిడ్ అయ్యాం. ఇప్పుడు అంగుల్ నుంచి వేమగిరికి పోయే 765 కేవీ లైను మా శ్రీకాకుళం మీదుగానే పోతుంది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో మా తోటలన్నీ పడుకోబెట్టినప్పుడు, ఊళ్లో కరెంటు స్తంభాలు వరుసగా నేల మీద ఉన్నప్పుడు, నెత్తి మీద పోయే ఆ లక్షల వోల్టులు మాకు చంద్రుడి మీద నీళ్లలాంటివి.

మీకు అన్నిటికంటే ఇష్టమైన వంట చెప్పనా? సోలారు, గాలి కరెంటుకి 2025 జూన్ దాకా మొదలైన ప్రాజెక్టులకి అంతర్రాష్ట్ర లైను ఛార్జీ పూర్తిగా మాఫీ. ఎంత దూరం పంపినా ఉచితం. ఉచితం అంటే ఎక్కడ ఎండ బాగుంటే అక్కడికే అందరూ పోతారు కదా, పోయారు, రాజస్థాన్‌కి. ప్లేట్లు ఏడాదిన్నరలో పరిచేశారు, లైన్లకి అంతకంటే చాలా కాలం పడుతుంది. ఫలితం, మిట్టమధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటే ప్లాంట్లని తగ్గించమని కబురు. రైల్వే గేటు అవతల జీడితోట వేయమని రాయితీ ఇచ్చింది మనమే, గేటు పడిందని ఏడ్చేదీ మనమే.

కాబట్టి చోటుని బట్టి ధర పెడితే పోతుందా అంటే, ఇక్కడ నాకు ఒక గుబులుంది. సోంపేట బీల అనే చిత్తడి నేలల దగ్గర 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న ఏం జరిగిందో ఈ జిల్లాలో ఎవరినీ అడగక్కర్లేదు. థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద కాల్పులు, ప్రాణాలు పోయాయి. రేపు ధరల పట్టిక వచ్చి, ఈ మూల కరెంటు ఖరీదు, ఇక్కడే ప్లాంటు పెట్టు అని చెప్తుందనుకోండి, ఆ పట్టికకి లైను బరువు తెలుసు గానీ బీలలో నీళ్లు, కొంగలు, చేపలు పట్టేవాళ్లు తెలీదు. అది చూడాల్సిన గది వేరే ఉంది, దాని తాళం మీ దగ్గర పెట్టకూడదు.

రెండో గుబులు, చివరాఖరి లైను మీద ఉన్నవాడికి ధర పెరిగితే ఏంటని. దానికి టెక్సస్‌లోనే మందుంది: కరెంటు తయారుచేసేవాడికి చోటు ధర, కొనేవాడికి జోను సగటు ధర. ప్లాంటు ఎక్కడ కట్టాలో దాని యజమాని నిర్ణయిస్తాడు గానీ ఇచ్ఛాపురంలో ఇడ్లీ బండి ఆవిడ కాదు కదా, నొప్పి అతనికే తెలియాలి. ఆ మాట చెప్పాక బావమరిది మెచ్చుకున్నాడు, తర్వాత మన గరివిడి, బొబ్బిలి ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కులో కలిపే మిశ్రమ లోహాల) వాళ్లు సగటు ధర చూసి ఏమంటారో ఊహించుకో బావా అని నవ్వాడు. కొలిమికి కరెంటే మేత వాళ్లకి. వాళ్ల వాదన వాళ్లు వినిపిస్తారు, వాళ్లకి లాయర్లున్నారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు బాబుగారూ. మీరు తినండి, లైన్లు పూర్తయ్యేదాకా మిమ్మల్ని ఎవరూ ఆపలేరు. తిన్నది మాత్రం ఏ ఊళ్లో, ఏ పావుగంటలో, ఎవరి వల్ల అన్నది అప్పటికప్పుడు చీటీ మీద రాయించండి, రెండేళ్ల తర్వాత నా పిక్కల ఖాతాలో కాదు.

మీ చిరునామా ఎవరూ చెప్పలేకపోయారు కాబట్టి ఈ ఉత్తరాన్ని స్టాంపు అతికించకుండానే డబ్బాలో వేస్తున్నాను. దాని ఖర్చు పలాస-కాశీబుగ్గలో ఫ్యాక్టరీలన్నిటికీ సమానంగా పంచి, రెండేళ్లాగి వసూలు చేసుకుంటాను. పక్కవీధి ఆయన తనకి ఈ ఉత్తరంతో సంబంధం ఏంటని ఇప్పటికే అడిగాడు. సర్దుబాటు అని చెప్పాను.

ఇట్లు,
పిక్కల బస్తాల మధ్య నుంచి,
మీ చందాదారుడు