థర్మాకోల్ యుగం

పాతరాతి యుగం, కొత్తరాతి యుగం, ఇనుప యుగం అన్నీ అయిపోయాయి. ప్రస్తుతం నల్లగొండలో థర్మాకోల్ యుగం నడుస్తోంది. మొన్న పట్టణంలోని ఓ ప్రైవేటు స్కూల్లో తిరుగులేని ఆధారాలు బయటపడ్డాయి.

తొమ్మిదో తరగతి పిల్లలు మూడో తరగతి వాళ్లకు చరిత్రను చేతులతో చేయించి నేర్పాలట. ఆలోచన బంగారం. అందుకే బంగారు రంగు కొట్టారు, పానగల్ ఛాయా సోమేశ్వరాలయం థర్మాకోల్ నమూనాకి. అసలు గుడి నల్లగా ఉంటుందండీ, ఫొటోలో పడదు. ఆ గుడి కట్టించిన కుందూరు చోడ రాజులు అమాయకులు, రాయిని నమ్ముకుని ఏళ్లకేళ్లు చెక్కించారు. థర్మాకోల్ అయితే మూడు గర్భగుళ్లూ ఒక్క పూటలో ఫెవికాల్‌తో అతికిపోయేవి. గడియారం సెంటర్ దగ్గర ఆర్డరిస్తే ఇంటికే తెచ్చిస్తారు కూడా. ముందు ఓ అట్ట: ‘ముట్టుకోరాదు’. చేతులతో నేర్చుకోవడమంటే చేతులు కట్టుకోవడమని నాకూ అప్పుడే తెలిసింది.

రుద్రమదేవి వేషాల్లో నలుగురు వచ్చారు. ఆమె మరణాన్ని చెప్పే 1289 నాటి శాసనం నకిరేకల్ పక్కన చందుపట్లలోనే ఉందని ఆ నలుగురికీ ఎవరూ చెప్పినట్టు లేదు. కిరీటాలు జారకుండా చూసుకోవడమే సరిపోయింది.

మూలన మాత్రం ఓ తొమ్మిదో తరగతి అమ్మాయి చెప్పుల డబ్బాతో కూర్చుంది. ఆ డబ్బానే ఛాయా సోమేశ్వరాలయం. అందులో నిలబెట్టిన చాక్‌పీసులే స్తంభాలు. సెల్‌ఫోన్ లైటే సూర్యుడు. చుట్టూ అయిదారుగురు చిన్నోళ్లు, మోచేతుల దాకా చాక్‌పొడి. ఒకడు లైటు జరిపాడు, నీడ జరిగింది. మళ్లీ జరిపాడు, మళ్లీ జరిగింది. వాడికి అనుమానం వచ్చింది.

“అక్కా, గుళ్ల లింగం మీద నీడ పొద్దంతా కదలదన్నవ్ గదా. మరి గిదెందుకు కదులుతుంది?”

ఆ రోజు మొత్తానికీ చరిత్ర పాఠం అదొక్కటే. అక్క కళ్లు మెరిశాయి. డబ్బాకు పక్కన రంధ్రం పెడదామని కత్తెర తీసింది. సరిగ్గా అప్పుడే, రెండు గంటలు ఆలస్యంగా, ముఖ్య అతిథి కారు దిగాడు.

“ఏయ్, లేవున్రి! లైన్ల నిలవడున్రి! ఆ చెత్తంతా ఏందే?”

డబ్బా బల్ల కిందికి పోయింది. చిన్నోళ్ల చేతుల్లో పూలు పెట్టారు. అతిథి తన బాల్యం గురించి ముప్పావు గంట మాట్లాడాడు. ఎండలో ఒక రుద్రమదేవి కళ్లు తిరిగి కూలబడితే గ్లూకోజ్ తాగించి మళ్లీ నిలబెట్టారు, గ్రూప్ ఫొటో ఇంకా కాలేదు మరి.

సిగ్గుండాలి. ఎనిమిదేళ్ల పిల్లాడు కాంతి గురించి, కట్టడం గురించి, ఆ శిల్పులు ఏం లెక్క వేశారన్న దాని గురించి ఒక్క మాటలో అడిగాడు. జవాబు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో నిలబడి ఉంది. స్కూలు బస్సు రోజూ పొద్దున పానగల్‌లో పిల్లల్ని ఎక్కించుకునే వస్తోంది. ఇంకో పది నిమిషాలు అక్కడే ఆపితే ఎవడి సొమ్ము పోయింది? డీజిల్ దండగన్నారట. బొకేలకు, శాలువాలకు మాత్రం లెక్కే లేదు.

మొదటి బహుమతి బంగారు గుడికే వచ్చింది. దుకాణం వాడు రాలేదు కాబట్టి షీల్డు పిల్లాడి తండ్రి అందుకున్నాడు. చెప్పుల డబ్బాకు నీట్‌నెస్‌లో మార్కులు కోశారు.