తోడికి అడ్డొచ్చిన శాలువా

“నిజమైన ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరు” అని మా ఊరి సంగీత సభ కార్యదర్శిగారు గత ఆదివారం మైకు పట్టుకొని ప్రకటించారు. గంట తిరగకముందే స్వయంగా చెయ్యెత్తి ఆ ప్రతిభను ఆపారు. తన సిద్ధాంతాన్ని తానే ఇంత త్వరగా ఖండించుకున్న పండితుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఆరు గంటల కచేరీ ఆరూ యాభైకి మొదలైంది. వర్ణం, ఒక చిన్న కీర్తన ముగించి పాడుతున్న అమ్మాయి తోడి రాగం ఎత్తుకుంది. కింది స్థాయి మంద్రం నుంచి మెల్లగా కట్టుకుంటూ వచ్చి పై స్థాయి ‘స’, అంటే తారషడ్జం మీద నిలవబోతున్న క్షణాన ముఖ్య అతిథిగారి కారు ఆగింది. కార్యదర్శిగారి అరచెయ్యి లేచింది. షడ్జం గొంతులోనే ఉండిపోయింది. జ్యోతి ప్రజ్వలన జరిగింది. ఫ్యాను గాలికి ఆరిపోతే మళ్ళీ జరిగింది. ఫొటోగ్రాఫరు కోరిక మీద మూడోసారీ జరిగింది. “నాకు సంగీతంలో ఓనమాలు రావు” అని వినయంగా మొదలుపెట్టిన అతిథిగారు ఆ మాటను నలభై నిమిషాలపాటు సోదాహరణంగా నిరూపించారు. పిమ్మట శాలువాలు: అతిథికి, అతిథి సతీమణికి, ప్లాట్లు అమ్ముకుంటూ ఈ ఖర్చు భరించిన దాతకు, దాతగారి బావమరిదికి, హాలు మేనేజరుకు. వెనక ఫ్లెక్సీలో దాతగారి ముఖం బండిచక్రమంత, గాయని ముఖం తపాలాబిళ్లంత. మృదంగ విద్వాంసుడి పేరు అసలే లేదు. చివరికి “అమ్మా, తొమ్మిదింటికి హాలు ఖాళీ చెయ్యాలి, తేలికపాటివి రెండు పాడి మంగళం అందుకో” అన్నారు. వయొలిన్ వంతు రానే లేదు.

ఆ అమ్మాయి పన్నెండేళ్లుగా నేర్చుకుంటోంది. ఆకాశవాణి కళాకారులకిచ్చే శ్రేణుల్లో బి హై ఉంది. ఆ సాయంత్రం వేదిక ఎక్కినందుకు పక్కవాద్యాలకు తన చేతి డబ్బే ఇచ్చుకుంది. వీడియో తీసినవాడికీ ఇచ్చుకుంది, ఎందుకంటే వీడియో లేనిదే తరువాతి సభవారు ఫోను ఎత్తరు. డిసెంబరు సంగీతోత్సవాలకు మద్రాసు వెళ్లి మధ్యాహ్నపు ఉచిత కచేరీలో ఖాళీ కుర్చీల ముందు పాడాలన్నా రైలు, బస, భోజనం ఉచితం కావు. గొంతు ఒక్కటే ఆమెకు ఊరికే వచ్చింది. మిగిలినదంతా నాన్నగారి భవిష్యనిధిలోంచి వచ్చింది.

నిధి అన్నాను కనుక చెబుతున్నాను, పారితోషికం మాట ఎత్తితే చాలు, కార్యదర్శిగారు త్యాగయ్యను అడ్డం పెట్టుకుంటారు. “నిధి చాల సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా అన్న మహానుభావుడి కీర్తనలు పాడుతూ డబ్బేమిటమ్మా!” తంజావూరు కొలువును కాదన్న త్యాగయ్య ఉంఛవృత్తికి, అంటే పాడుతూ ఇంటింటా భిక్షకు బయలుదేరితే తిరువయ్యారు ఇల్లాళ్లు పాత్రలో బియ్యం పోశారన్న సంగతి ఈ వ్యాఖ్యానంలో ఉండదు. మన సభవారు ఆ రాజూ కారు, ఆ ఇల్లాళ్లూ కారు.

ఇంకా వాదిస్తే “బాలమురళి చిన్నప్పుడే పాడలేదా” అంటారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పాడారు, నిజమే. ఆ పిల్లవాడికి సంగీతజ్ఞుడైన తండ్రి ఉన్నారు, త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు గురువుగా దొరికారు, పెద్దయ్యాక ఆకాశవాణి ఉద్యోగం, విజయవాడ సంగీత కళాశాల ప్రిన్సిపాలు పదవి దక్కాయి. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారికి 1919లో విజయనగరం మహారాజు పెట్టిన కళాశాల అండగా నిలిచింది. వారి విద్వత్తు వారిదే. నెల మొదట్లో బియ్యం కొన్నది మాత్రం జీతం.

ఆ రాత్రి బస్టాండులో మృదంగం ఆయన కనిపించాడు. ముప్ఫై ఏళ్లుగా వాయిస్తున్నాడు. గవుసు తొడిగిన మృదంగాన్ని ఒళ్లో పెట్టుకొని సిమెంటు బెంచీ మీద కూర్చొని, కుడివైపు తోలు చిట్లిందని, చేతిలో ఉన్న కవరు కొత్తది కట్టించడానికి చాలదని వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నాడు. ఆ శాలువాల ఖర్చుతో రెండు వైపులా కట్టించవచ్చయ్యా! సిగ్గుండాలి మనకు. చేతులు కాయలు కాచేలా సాధన చేసినవాడికి తోలు ముక్క కొనిపెట్టలేని ఊరు ప్రతిభ మీద ఉపన్యాసాలు ఇస్తుందా? ఉచితమైతే ముందు వరుసలో తల ఊపి, యాభై రూపాయల టికెట్టు పెడితే ఇంట్లో కూర్చునే నేనూ ఆ ఊరివాణ్ణే.

మర్నాడు కార్యదర్శిగారు ఆ అమ్మాయికి ఫోను చేసి వచ్చే ఏడాదీ అవకాశం ఆమెదేనని వరమిచ్చారట. “ఈసారి మీవాళ్లను ఒక యాభైమందిని తీసుకురామ్మా. తోడి మాత్రం వద్దు, మరీ సాగుతుంది.”