అంగుళమే కదా!

వానలో బ్రేకు తొక్కితే కారు ఆగాలి. మాది ఇంకాస్త ముందుకెళ్లి, ఆలోచించుకుని, అప్పుడు ఆగింది. మా ఆవిడ దిగి ముందు టైరు మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏమండీ, దీనికంటే మీ తలకే గ్రిప్ ఎక్కువుంది," అంది. నా తలను చూసినవాళ్లకి ఇక ఆ టైరు పరిస్థితి వర్ణించి చెప్పనక్కర్లేదు.

టైరు గాడుల అడుగున చిన్న చిన్న దిమ్మలుంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమానమైతే మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే, ఇక మార్చాల్సిందే. మా ముందు టైర్లకు గాడులే కనపడలేదు కనుక దిమ్మలు వెతికే శ్రమ తప్పింది.

"బావా, షాపుకెళ్లి కారు చూపించు. ఏ టైరు వెయ్యాలో వాళ్లే చెప్తారు," అన్నాడు మా బావమరిది.

"వాళ్లు చెప్పిందల్లా కొనడానికి మనకి చదువెందుకురా?" అన్నాను. ఈ మాట తర్వాత చాలాసార్లు నాకే వినిపించింది, వాడి గొంతులో.

వారం రోజులు టైర్ల భాష నేర్చుకున్నాను. సైజు రాసుకోవాలంటే చక్రం పక్కన బురదలో మోకాళ్ల మీద కూర్చోవాలి. నాకు, నా మోకాళ్లకు ఈ మధ్య మాటల్లేవు. డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉంది. ఒక్కసారి కూడా నేల తాకని టైరు, ముత్యాల్లాంటి అక్షరాలు: 165/80 ఆర్14 85టి. నిలబడే చదివేశాను. వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, టి అంటే గంటకు 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. నాలుగూ కలిపి 2,060 కిలోలు. మా బావమరిది ఎక్కినా భయం లేదు.

వెనక టైర్లు ఇంకా సగం బాగానే ఉన్నాయి, రెండు కొంటే చాలు. కానీ నాలుగు కొంటే తగ్గింపు అన్నారు. తగ్గింపు అన్న మాట వినగానే నాకు లెక్కలు రావు. ఫోన్లోనే నాలుగు కొనేశాను. ఇంటికి రాగానే లేబుళ్లు పీకి, టైరు పక్క గోడ మీద తయారీ తేదీ చెప్పే నాలుగంకెలు వెతికాను. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. తాజా సరుకే! ఇంత మంచి టైర్లు ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారా అని విక్రేత మీద జాలి కూడా వేసింది.

మెకానిక్ చక్రాలు ఊడదీసి, కొత్త టైరు చూశాడు. రిమ్ము చూశాడు. మళ్లీ టైరు చూశాడు.

"సార్, ఇవి ఏ కారుకి?"

"దీనికే."

"దీనికి 15 సార్. ఇవి 14."

"అంగుళమే కదా తమ్ముడూ, కాస్త లాగితే రాదూ?"

"సాక్సు కాదు సార్. అంచు లోపల ఉక్కు తీగలుంటాయి."

డిక్కీలోకి తొంగిచూశాడు. స్టెప్నీతో పాటు నా వారం రోజుల పాండిత్యం కూడా అతనికి దొరికిపోయింది. కొన్ని కార్లకు స్టెప్నీ చిన్న సైజులో ఇస్తారట, పంక్చర్ షాపు దాకా చేరడానికి. వేగం 80 దాటి పోనివ్వద్దని దాని మీద పసుపు స్టిక్కరు కూడా ఉంది. అది నేను చూడకపోలేదు. ఎవరో పెద్దమనిషి మంచి కోరి అంటించాడనుకున్నాను.

విక్రేతకి ఫోన్ చేస్తే, లేబుళ్లు పీకేశారు గనక వాపసు కుదరదన్నాడు. ఈసారి జాలి నా మీద నేనే పడ్డాను.

చివరికి అక్కడే సరైన సైజువి రెండు కొన్నాను. ముందుకి వెయ్యమంటే వెనక్కి వేశాడు, వెనకవి ముందుకి తెచ్చాడు. ఎందుకంటే, తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుందట, వెనకవి జారితే గిర్రున తిరుగుతుందట, అప్పుడు స్టీరింగు పట్టుకున్నవాడు చెయ్యగలిగేది తక్కువట. వాదించలేదు. ఆ రోజుకి నా వాదనలన్నీ అయిపోయాయి.

లెక్క తేల్చేముందు అతను స్టెప్నీ మీద టార్చి వేసి నాలుగంకెలు చదివాడు. "కారుతో వచ్చిందేనా సార్? పదకొండేళ్లు దాటింది. వాడకపోయినా రబ్బరు గట్టిపడిపోతుంది, మార్చేయండి. సైజు చెప్పక్కర్లేదుగా?"

ప్రాణం లేచొచ్చింది. "చూశావా!" అన్నాను మా ఆవిడతో. "ఒక్కోటి పదేళ్లు. నలభై ఏళ్ల దాకా మన స్టెప్నీకి లోటు లేదు."

"అటక మీద పెట్టినా గట్టిపడతాయి సార్," అన్నాడు మెకానిక్, జాకీ దించుతూ.