ఏ ర్యాన్ గారండీ?

ఐర్లండ్‌లోని టిప్పరరీ కౌంటీలో ఏ పల్లెకైనా వెళ్లి ర్యాన్ వాళ్ల ఇల్లెక్కడండీ అని అడగడమంటే, భీమవరంలో బస్సు దిగి రాజుగారి ఇల్లెక్కడ అని అడగడమే. ఈ సంగతి బోస్టన్ నుంచి వచ్చిన మా ఆఫీసు పెద్దాయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన ఇంటిపేరు ర్యాన్. తాత ఇక్కణ్ణుంచే అమెరికా వెళ్లాడట, ఊళ్లోనే ఉండిపోయిన ముత్తాత పాట్రిక్ సమాధి మీద పూలు పెట్టాలట. నేనుండేది పక్కనే లిమెరిక్‌లో, పైగా కారుంది, కాబట్టి డ్రైవర్ని నేనే.

ఐర్లండ్‌లో పాత జనాభా లెక్కలు వెతకడం అదో టెన్షన్. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని రికార్డుల ఆఫీసు తగలబడి చాలావరకు బూడిదయ్యాయి. 1881, 1891 లెక్కల్నైతే అంతకుముందే సర్కారువారే కాగితం కొరతని గుజ్జు చేసేశారు (ఆ ఆర్డరు మీద సంతకం పెట్టిన మహానుభావుడికి ఓ దండం). పూర్తిగా మిగిలినవి 1901వి, 1911వి. రెండిట్లోనూ పాట్రిక్ దొరికాడు, కాకపోతే మొదటిదాంట్లో వయసు 55, రెండోదాంట్లో 72!

పెద్దాయన మొహం వాడిపోయింది. నేనే ధైర్యం చెప్పాను. 1909 జనవరి నుంచి డెబ్బై ఏళ్లవాళ్లకి వారానికి 5 షిల్లింగుల దాకా పింఛను ఇచ్చారండీ, 1864కి ముందు పుట్టినవాళ్లకి సర్కారు జనన రిజిస్టరే లేదు, 1839 నాటి పెద్ద గాలివాన రాత్రి నాకు బాగా గుర్తుందని చెప్పి పింఛను కొట్టేసినవాళ్లు బోలెడుమంది, మీ ముత్తాత కూడా తెలివైనవాడే అయ్యుంటాడు అన్నాను. ఆ మాటకి ఆయన ఛాతీ పొంగింది.

ఊళ్లో పబ్బులో అడిగితే "ఏ ర్యాన్?" అన్నారు. ములర్యాన్‌లో ముందు ముక్క ఊడి ర్యాన్ మిగిలిందని ఈయన చదివొచ్చిన పాఠమంతా అప్పజెప్పాడు. వాళ్లకి కావలసింది అది కాదు, తెల్ల ర్యాన్లా ఎర్ర ర్యాన్లా అని. అక్కడ ర్యాన్లు మరీ ఎక్కువై, ఒక్కో కుటుంబానికీ ఇంటిపేరు వెనక ఇంకో పేరు తగిలిస్తారు. పైగా పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఆచారం మనకున్నట్టే వాళ్లకీ ఉంది, అందుకని శ్మశానంలో ఎటు తిరిగినా పాట్రిక్కులే.

చివరికి వాళ్లలో ఒకణ్ణి ఈయనే ఖాయం చేసుకుని, పూలు పెట్టి, కళ్లు తుడుచుకుని, రాయిని కావలించుకుని నాచేత ఫొటోలు తీయించుకున్నాడు. ఇంతలో పక్క గేటులోంచి ఒక ముసలావిడ వచ్చింది. "ఈయన మీవాడా?" అని అడిగింది. "సాక్షాత్తూ ముత్తాత!" అన్నాడు గర్వంగా.

"మంచిదయింది నాయనా. మా తాత దగ్గర ఆవుని అప్పుమీద తోలుకెళ్లి డబ్బు ఎగ్గొట్టింది ఈయనే, మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం."

పెద్దాయన మెల్లగా ఫైలు తెరిచి ఆవిడకి చూపించాడు. "చూడండి మేడమ్, పదేళ్లలో ఎవరైనా పదిహేడేళ్లు పెరుగుతారా? ఈయన మావాడయ్యే ఛాన్సే లేదు."