సూక్ష్మజీవులకి చుట్టరికం తెలుసు

అమెరికాలో సెటిలైన మన తెలుగువాళ్ళు చేసేవి రెండు రకాల ప్రయాణాలు. ఒకటి ఫారిన్ ట్రిప్, అంటే కాన్‌కూన్, కోస్టారికా లాంటివి. నాలుగు రోజులు రిసార్ట్ లో పడుకోడానికి నెల ముందు నుంచే రివ్యూలు చదివి, అక్కడ కుళాయి నీళ్ళతో పళ్ళు తోముకోవచ్చా అని వాట్సాప్ గ్రూపులో చర్చ పెట్టి, డాక్టర్ దగ్గరికెళ్ళి ఏమేం టీకాలు కావాలో కనుక్కుని మరీ వెళ్తారు. రెండోది ఇంటికెళ్ళడం. అంటే తెనాలో, కరీంనగరో, ఐదారు వారాలు. దీనికి కావాల్సిందల్లా వీసా స్టాంపింగ్ స్లాటు, రెండు ఇరవై మూడు కిలోల పెట్టెలు, చుట్టాల పిల్లలకి చాక్లెట్లు. టీకాలా? సొంతూరికి టీకాలేంటండీ, నవ్విపోతారు.

దీని వెనక ఒక లోతైన శాస్త్రం ఉంది, దాన్ని ఇంతవరకూ ఎవరూ సరిగ్గా రాయలేదు కాబట్టి నేనే పూనుకున్నా. మన ఊరి సూక్ష్మజీవులకి బంధుప్రీతి ఎక్కువ. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియా మన పేగుల్లోకి దిగగానే ముందు ఇంటిపేరు అడుగుతుంది, ఏ వీధి, ఎవరబ్బాయి అని ఆరా తీస్తుంది, ఫలానా మాస్టారి మనవడని తేలగానే "అయ్యో మీరా బాబూ, చెప్పరేం" అని పక్కకి తప్పుకుని పోయి, తాజ్‌మహల్ చూడ్డానికొచ్చిన తెల్లవాణ్ణి వెతుక్కుంటుంది.

గిట్టనివాళ్ళు దీన్ని ఒప్పుకోరు. అమెరికాలో రోగాల నివారణ చూసే సీడీసీ అని ఒక సర్కారీ సంస్థ ఉంది, వాళ్ళకి మన కుటుంబ విలువలు అర్థం కావు. సొంత దేశంలో చుట్టాల్నీ స్నేహితుల్నీ చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి వాళ్ళు విడిగా ఒక కేటగిరీ పెట్టి, మామూలు టూరిస్టుల కంటే వీళ్ళకే టైఫాయిడ్, మలేరియా లాంటివి ఎక్కువ అంటుకుంటాయని రాసి పెట్టారు. కారణాలు కూడా చెప్పారు. ఎక్కువ రోజులుంటారు, ఇళ్ళల్లో దిగుతారు, పెట్టిందల్లా తింటారు, వెళ్ళే ముందు డాక్టర్ని అడగరు. చూశారా, ఆప్యాయతలన్నిటినీ తీసుకెళ్ళి రిస్కు లిస్టులో వేశారు.

"నేను ఈ నీళ్ళు తాగే పెరిగా" అనేది మనవాళ్ళ బ్రహ్మాస్త్రం. పెరిగారు, కాదన్నదెవరు. కానీ ఈ డాక్టర్లేమంటారంటే మలేరియా మీద చిన్నప్పుడు ఒంటికి వచ్చిన కాస్త ఓర్పు కూడా ఏళ్ళ తరబడి బయట దేశంలో ఉంటే కరిగిపోతుందట, టైఫాయిడ్ ఒకసారి వచ్చి తగ్గినా మళ్ళీ రాదని గ్యారంటీ లేదట. హెపటైటిస్-ఏ అనే కామెర్ల రోగం మాత్రం ఒకసారి వస్తే ఇంక రాదు, చాలామందికి మన దగ్గర చిన్నప్పుడే తెలీకుండా వచ్చి పోయుంటుంది కూడా. ఆ ఒక్క పాయింటు పట్టుకుని మనం మిగతా రోగాలన్నిటికీ లైఫ్‌టైమ్ మెంబర్‌షిప్ రాసేసుకున్నాం. పోనీ మనకి ఉందనే అనుకుందాం, టెక్సస్‌లోని ప్లేనో లో పుట్టిన పిల్లాడు ఏ నీళ్ళు తాగి పెరిగాడు?

అయినా మనవాళ్ళు జాగ్రత్త లేనివాళ్ళని ఎవరన్నారు? దిగిన రోజే ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు మూడు వస్తాయి. పిల్లాడి పళ్ళు సీల్డ్ బాటిల్ నీళ్ళతో తోమిస్తారు, స్నానం చేసేటప్పుడు నోరు మూసుకోమని తలుపు బయట నుంచి అరుస్తుంటారు. సాయంత్రం ఆరింటికి అదే కుటుంబం పానీపూరీ బండి చుట్టూ నిలబడి ఉంటుంది, బండతను మోచేతి దాకా కుండలో ముంచి తీసి ఆకు దొన్నెలో పెడుతుంటాడు, తడి చేతిని భుజం మీద తువ్వాలుకి తుడిచి అదే చేత్తో చిల్లర ఇచ్చి మళ్ళీ ముంచుతాడు. ఇక్కడ కంగారు పడక్కర్లేదు, ఎందుకంటే పానీపూరీ నీళ్ళు సాంకేతికంగా నీళ్ళ కిందకి రావు, మసాలా కిందకి వస్తాయి. అలాగే చెరుకురసంలో ఐసు. అది ఘనపదార్థం. కలుషిత నీటి వల్ల వచ్చే రోగాలు ఘనపదార్థానికి ఎలా వర్తిస్తాయో నాకు ఎవరైనా చెప్పాలి. మళ్ళీ పుల్లగా కారంగా ఉంటే క్రిములు చచ్చిపోతాయని మా బాబాయి గారి థియరీ ఒకటుంది, ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు, కాబట్టి కొట్టిపారేయలేం.

ఇక అత్తగారి మజ్జిగ. వేడివేడి అన్నం తినండి, కాచిన నీళ్ళు తాగండి, తొక్క మీరే ఒలుచుకున్న పండు తినండి అని ట్రావెల్ క్లినిక్ లో చెప్పే అమ్మాయికి అత్తగారు అంటే ఏంటో తెలీదు. గ్లాసు ట్రేలో పెట్టి "పుచ్చుకోండి బాబూ, ఇప్పుడే చిలికా" అన్నాక, ఇందులో నీళ్ళు ఎక్కడివండీ అని అడిగి బతికి బట్టకట్టిన అల్లుడు చరిత్రలో లేడు. జొరమైతే మందులతో తగ్గుతుంది. "అల్లుడుగారు మన ఇంట్లో మజ్జిగ కూడా ముట్టలేదమ్మా" అనే మాట మనవల పెళ్ళిళ్ళ దాకా నడుస్తుంది.

ఇక టీకా సంగతి కూడా చెప్తా. టైఫాయిడ్ ఇంజక్షన్ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి, అమెరికాలో వేసేది రెండేళ్ళు నిండినవాళ్ళకే, పనిచేసేది ఓ రెండేళ్ళు. ఇందులో తమాషా ఏంటంటే టైఫాయిడ్ కాంజుగేట్ టీకాలు అనే కొత్త రకంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదటగా 2017 చివర్లో ప్రీక్వాలిఫై చేసింది, అంటే నాణ్యత పరీక్షించి సరేనన్నది, మన హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళది, ఆర్నెల్ల పిల్లల నుంచీ వేయొచ్చు. అంటే మనూళ్ళో టైఫాయిడ్ ఉందని మనూళ్ళో కంపెనీకి తెలిసింది, ఊరు వదిలి వచ్చిన మనకి తెలీలేదు. అన్నప్రాసనకని ఆరో నెలలో పిల్లని ఎత్తుకెళ్తారు కదా, విదేశీ ప్రయాణమైతే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకి తట్టు టీకా ఒక డోసు ముందే వేయించమంటారు అమెరికాలో. అది మాత్రం వేళాకోళానికి రాసింది కాదు. ముహూర్తం పెట్టించేటప్పుడే ఆ డేటు కూడా పెట్టించండి.

దోమలది ఇంకో కథ. చీకటి పడగానే తలుపులేసి ఆలౌటు పెట్టి పిల్లలకి మెడ దాకా క్రీము పూస్తారు, డెంగీ దోమేమో పగలు డ్యూటీ చేస్తుంది. అరకు, పాడేరు వెళ్ళేవాళ్ళు మలేరియా మాత్రలు వేసుకోవాలేమో అడగాలి, వాటిల్లో ఒక రకం ఒకట్రెండు రోజుల ముందు మొదలెట్టి తిరిగొచ్చాక ఏడు రోజులు కొనసాగించాలి. బొర్రా గుహల ఫోటోలు అప్‌లోడ్ చేశాక ఇంకా మాత్రలు మింగే ఓపిక ఎవరికుంటుంది లెండి.

ఇంత చెప్పినా నా సిద్ధాంతానికి అసలు బలం ఎక్కడుందంటే, ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాదు. టైఫాయిడ్ క్రిమి లోపలికెళ్ళాక బయటపడ్డానికి ఆరు రోజుల నుంచి నెల దాకా పట్టొచ్చు. ఈలోగా సెలవులైపోతాయి, ఫ్లైటెక్కేస్తారు, జెట్‌లాగ్ తీరి ఆఫీసుకెళ్ళిన వారానికి జొరం మొదలవుతుంది. అర్జెంట్ కేర్ లో ఈమధ్య విదేశాలకేమన్నా వెళ్ళారా అని అడిగితే "లేదండీ, జస్ట్ ఇంటికెళ్ళొచ్చాం" అంటారు నిజాయితీగా, వాళ్ళు ఫ్లూ అనుకుని టైలెనాల్ అనే జొరం మాత్ర ఇచ్చి పంపుతారు. రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష దాకా వచ్చేసరికి ఇంకో వారం. ఆ రాత్రి వీడియో కాల్ లో పెద్దమ్మ తేల్చేస్తుంది: "చూశావా, ఇక్కడ ఉన్నన్నాళ్ళూ రాయిలా తిరిగాడు పిల్లాడు, అక్కడికెళ్ళాడో లేదో జొరం. ఆ ఫ్రిజ్జు కూళ్ళూ, ఆ నీళ్ళూ పడట్లేదే వాడికి. ఓ నెల సెలవు పెట్టించి పంపించు, నే చూసుకుంటా."