మార్కులే చెప్పని పరీక్షకు అప్పీలు ఎక్కడ?

పదేళ్ల పిల్లకు పరీక్ష పెట్టినవాళ్లు ఆ పిల్లకు ఎన్ని మార్కులొచ్చాయో చెప్పాలి. ఇంత చిన్న మాట కోసం వ్యాసం రాయాల్సి రావడమే బాధగా ఉంది. కేంద్రం నడిపే నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చిన ప్రతిసారీ తల్లిదండ్రులు అడిగేది ఒకటే: ‘సీటు రాకపోతే రాకపోయింది, మార్కులెన్నో తెలుస్తాయా సార్?’ తెలియవు. మార్కులు చెప్పరు, రీటోటలింగ్‌ లేదు అని ప్రాస్పెక్టస్‌లోనే రాసి ఉంటుంది. కారణం కూడా అందులోనే ఉంది: ఫలితాలను తగిన జాగ్రత్తలతో కంప్యూటరే తయారుచేస్తుందట.

ఆ పరీక్ష రెండు గంటలు. 80 ప్రశ్నలకు 100 మార్కులు, అంటే జవాబు పత్రం (ఓఎంఆర్‌ షీట్‌) మీద దిద్దే ఒక్కో సున్నా, అదే బబుల్‌, విలువ 1.25. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో ఏదో ఒక ఏడాది ఒక్క రోజు పట్టణ బడిలో చదివినా ఆ పిల్లను అర్బన్‌ అభ్యర్థి కిందే లెక్కేస్తారు. జిల్లాలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి కాబట్టి ఆ ఒక్క రోజు జాతకాన్నే మార్చేస్తుంది. అన్నిటికన్నా కఠినమైనది మరొకటి ఉంది. ఆరో తరగతి ప్రవేశానికి ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయాలి. పదో తరగతి తప్పితే సప్లిమెంటరీ ఉంది. నీట్‌ పోతే మరో ఏడాది ఉంది. పదేళ్ల పిల్లకు మాత్రం రెండో తలుపు లేదు.

అలాంటప్పుడు ఆ పిల్ల కటాఫ్‌కు ఒక్క బబుల్‌ దూరంలో ఆగిపోయిందా, ఇరవై బబుళ్ల దూరంలోనా? రూరల్‌ కోటాలో లెక్కేశారా, నెట్‌ సెంటర్‌ కుర్రాడు దరఖాస్తులో నొక్కిన బటన్‌ వల్ల అర్బన్‌లో పడిందా? చూపించకుండా ‘ఎంపిక కాలేదు’ అంటే అది ఫలితం కాదు, మాట తప్పించుకోవడం.

అభ్యంతరం లేకపోలేదు. లక్షల మంది రాసే పరీక్షలో ప్రతి తల్లీ తండ్రీ సవాలు చేస్తే అడ్మిషన్లు ఎప్పుడు పూర్తవుతాయి? నిబంధనల్లో లేనప్పుడు రీవాల్యుయేషన్‌కు ఆదేశించే విషయంలో కోర్టులు చాలా సంయమనం పాటించాలని, జవాబుల ‘కీ’ సరైనదనే అనుకోవాలని రణ్‌విజయ్‌ సింగ్‌ కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే. కానీ ఇక్కడ ఎవరూ మళ్లీ దిద్దమనడం లేదు. దిద్దిందే చూపించమంటున్నారు. తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011లోనే ఆదిత్య బందోపాధ్యాయ కేసులో అదే సుప్రీంకోర్టు తేల్చింది. లక్షల మంది వాదన కూడా నిలవదు. కోరుకొండ, కలికిరి సైనిక్‌ స్కూళ్లకు పిల్లల్ని తీసుకునే ఆరో తరగతి పరీక్షలో జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ ప్రాథమిక కీ పెడుతోంది, ఓఎంఆర్‌ షీట్‌ స్కాన్‌ పెడుతోంది, రుసుము కట్టినవాళ్ల అభ్యంతరాలు తీసుకుంటోంది. ఆ పిల్లలదీ అదే వయసు. ఇంగ్లండ్‌లో పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే గ్రామర్‌ స్కూల్లో సీటు రాని పిల్ల తల్లిదండ్రులు స్కూలుతో సంబంధం లేని కనీసం ముగ్గురు సభ్యుల ప్యానెల్‌ ముందు కూర్చుని తమ మాట చెప్పుకోవచ్చు. ఆ ప్యానెల్‌ తీర్పుకు స్కూలు కట్టుబడాలి. మనం అంత దూరం పోనక్కర్లేదు, సైనిక్‌ స్కూలు దాకా వస్తే చాలు.

మార్కులు దాస్తే ఎవరికి లాభం? కోచింగ్‌ సెంటర్లకు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సీటు రాని పిల్ల ఎందుకు తప్పిందో చెప్పే అధికారి లేడు కాబట్టి ఆ కారణం కోచింగ్‌ మాస్టారు చెబుతాడు. ‘మీ పాపకు రెండు మార్కుల్లో పోయిందండీ, తొమ్మిదో తరగతి నవోదయకు ఇప్పట్నించే మొదలెడదాం.’ ఆ రెండు మార్కులు ఆయనకెలా తెలుసు? తెలియదు. తెలియదని రుజువు చేసే కాగితం తండ్రి దగ్గర లేదు. లెక్కల్లో బాగా చేసి భాషలో వెనకబడ్డ పిల్లకూ మెంటల్‌ ఎబిలిటీలో తడబడ్డ పిల్లకూ ఒకటే మందు, మరో ఏడాది ఫీజు. 1971లో సర్వేల్‌ గురుకులం పెట్టించిన పి.వి. నరసింహారావే తర్వాత కేంద్ర మానవ వనరుల మంత్రిగా నవోదయలకు శ్రీకారం చుట్టారు. డబ్బు కట్టలేని పల్లె పిల్ల కోసం కట్టిన బడి అది. దాని గుమ్మం ముందు ఫీజు కట్టేవాళ్లకే దారి తెలుస్తోంది.

ఇది ఒక్క నవోదయ సంగతీ కాదు. పింఛను ఆగిపోయిన ముసలమ్మ అడిగినా, రేషన్‌కార్డులో పేరు ఎగిరిపోయిన కూలీ అడిగినా కౌంటర్‌లో వచ్చే జవాబు ఒకటే: ‘సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా.’ సమాచార హక్కు చట్టం సెక్షన్‌ 4(1)(డి) ఏమంటోంది? తన నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్లకు దాని కారణాలు ప్రభుత్వ సంస్థే చెప్పాలి అంటోంది. అడిగితే చెప్పడం వేరు. ఇక్కడ అడక్కుండానే చెప్పాలి. చట్టం 2005లో వచ్చింది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టించుకున్న కార్యాలయం నాకింతవరకు తారసపడలేదు.

మొన్న మా మండల కేంద్రంలో ఒక కౌలురైతు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఒక రెసిడెన్షియల్‌ స్కూలు పరీక్షలో పాపకు సీటు రాలేదు. హాల్‌టికెట్‌ను పాస్‌బుక్‌ ప్లాస్టిక్‌ కవర్లో భద్రంగా దాచాడు. పాప ఆ కవర్‌ మీద వేలితో సున్నాలు చుడుతూ, ‘అన్నీ పూర్తిగా దిద్దాను సార్‌, గీత దాటలేదు’ అంది. అరగంట కూర్చుని సమాచార హక్కు దరఖాస్తు రాశాం. తెల్ల రేషన్‌కార్డు జిరాక్సు పెట్టాం కాబట్టి పది రూపాయల ఫీజు కూడా లేదు. అడిగింది ఇంతే: మూడు విభాగాల్లో మా పాపకు విడివిడిగా ఎన్నేసి మార్కులొచ్చాయి, తనను ఏ కోటాలో లెక్కేశారు, ఆ కోటాలో చివరి సీటు ఎన్ని మార్కులకు వెళ్లింది. కింద తండ్రి సంతకం చేశాడు. పక్కన పాప కూడా చేస్తానంది.